కాలువమీది పుస్తకాల పెట్టె

1935వ సంవత్సరం అక్టోబరు నెలలో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువమీద తిరిగే ప్రయాణపు పడవలో ఒక గ్రంథాలయం వెలసినది. దానికి భవనం లేదు. బల్లలు, బీరువాలు లేవు. సాయంకాలం తలుపుకు తాళం వేసి ఇంటికి పోయే ఉద్యోగి లేడు. పడవ ఎక్కినవారు దిగేలోపల చదువుకొనడానికి పుస్తకాలున్నవి, అంతే. బోటు లైబ్రరీ అని దానికి పేరు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమ చరిత్ర వ్రాసినవారు ఈ సంగతిని ఒకటి రెండు వాక్యాలలో ముగించి, సభలు, తీర్మానాలు, శాసనాలవైపు సాగిపోతారు. మాకు మాత్రం అది మరికొంతసేపు ఆగి చూడదగిన సంగతిగా తోస్తున్నది. పాఠకుడు పుస్తకం దగ్గరకు రావలెనా, పుస్తకమే పాఠకుని దగ్గరకు పోవలెనా అన్న ప్రశ్నకు ఆ పడవ ఒక సమాధానం చెప్పినది. ఆ సమాధానం కాలువ ఉన్నంతమేరకు పోయి అక్కడ ఆగినది. కాలువ లేని రేగడి చేల పల్లెలలో పిల్లల విషయంలో ఆ ప్రశ్న నేటికీ తీరలేదు.

ముందుగా ఆ నీటిదారి సంగతి. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తి అయినది. దాని పడమటి వైపునుండి బయలుదేరిన కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలను మాగాణి చేసినవి. ఆ కాలువలు పొలాలకు నీరిచ్చినవి, మనుష్యులకు దారి కూడ అయినవి. కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగ్‌హాము కాలువతో కలియుటవలన బెజవాడలో పడవకెత్తిన సరుకు మద్రాసువరకు నీటిమీదనే పోగలిగేది. పెదవడ్లపూడి బెజవాడనుండి తెనాలి పోయే రైలుదారిలో ఒక చిన్న స్టేషను. కొల్లూరు కృష్ణ ఒడ్డుకు చేరువగా, లంకల ప్రక్కన ఉన్న ఊరు. దానికి రైలు లేదు. (కోహినూరు వజ్రం దొరికినదని చెప్పుకొనే కొల్లూరు వేరు. అది పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. దాని చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం క్రింద ఉన్నది.) రోడ్లు సరిగా లేని ఆ రోజులలో రైలు దిగినవానికి లోపలి ఊళ్ళకు పోవడానికి పడవే సుఖమైన ప్రయాణం.

సుఖమైనది కాని, త్వరితమైనది కాదు. గాలి అనుకూలించినప్పుడు తెరచాప. లేనప్పుడు మనుష్యులు గట్టుమీద నడుస్తూ తాడుతో లాగడం, గడలతో నెట్టడం. దారిలో లాకులు. లాకువద్ద ఎగువ తలుపులు మూసి, నీరు సమం అయిన తరువాత దిగువ తలుపులు తెరిచేవరకు పడవ కదలదు. ఎదురుగా మరొక పడవ వస్తే అది దాటేవరకు నిలిచిపోవలె. ఇట్లు గంటలు గడిచిపోయేవి. ఆ గంటలను మన పెద్దలు ఏమి చేసేవారు? చుట్ట కాల్చడం, నిద్రపోవడం, ఊరి వ్యాజ్యాలను తిరిగి విచారించడం. బోటు లైబ్రరీ తలపెట్టినవారి తెలివి అంతా ఈ గంటలను కనిపెట్టడంలో ఉన్నది. తీరిక లేదు, అందుచేత చదవము అని చెప్పే మనిషికి తీరిక తప్పనిసరిగా దొరికే స్థలం పడవ. అతడు అక్కడనుండి లేచిపోలేడు కూడ.

చదవగలవారు ఎందరు అని అడగవచ్చును. 1931 జనాభా లెక్కలలో దేశం మొత్తంమీద అక్షరాస్యులు నూటికి పదిమందికి లోపే. ఆ లెక్కన ఇరవైమంది ఎక్కిన పడవలో ఇద్దరికి మించి చదువరులు ఉండకూడదు. అయితే పుస్తకం ఒకడు గొంతెత్తి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినడం ఆనాటి పల్లెలలో మామూలు. వార్తాపత్రిక రచ్చబండమీద అట్లే చదువబడేది, రామాయణ భారతాలు అరుగులమీద అట్లే చదువబడేవి. చాలా ఇండ్లలో ఆ పని బడికి పోయే పిల్లవానిది. తల్లికీ తాతకూ చదివి పెట్టేది వాడు. కాబట్టి పడవలో ఒక పుస్తకం పిల్లవాని చేతికి వచ్చినదంటే ఆ పడవ అంతటికీ వచ్చినట్లే.

ఈ పని ఒక్కసారిగా పుట్టినది కాదు. దాని వెనుక పాతిక సంవత్సరాల ఉద్యమం ఉన్నది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఏర్పడినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆ పట్టణంలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అక్కడ ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి ఉన్నది. వారు 1890లో జన్మించి 1979లో కీర్తిశేషులైనారు. జీవితమంతా ఈ ఒక్క పనికే ధారపోసినారు. ఆయనకూ, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికీ గ్రంథాలయం అంటే పండితుల విశ్రాంతి మందిరం కాదు. అక్షరం రానివానికి అక్షరం నేర్పడం, వచ్చినవాడు దానిని మరచిపోకుండ చూడడం దాని పని అని వారి పట్టుదల. బడి మానిన పిల్లవాడు చేతిలో పుస్తకం లేక నాలుగేండ్లలో తన పేరు వ్రాసుకొనడం మరచిపోవడం వారు కళ్ళారా చూచినవారు.

గుంటూరు సీమలో ఈ ఉద్యమం బాగా వేళ్ళూనినది. 1918లో వేటపాలెంలో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు సారస్వత నికేతనం స్థాపించినారు. దాని భవనానికి 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసినారు. పాత పత్రికలకోసం పరిశోధకులు దూరప్రాంతాలనుండి నేటికీ ఆ చేనేతల ఊరికి వస్తారు. డెల్టాలో ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించినవారిలో పెదపాలెం వాస్తవ్యులు పాతూరి నాగభూషణంగారు ముఖ్యులు. 1907లో జన్మించిన ఆయన చిన్న వయసులోనే స్వగ్రామంలో బాలసరస్వతీ భాండాగారం అనే గ్రంథాలయాన్ని నెలకొల్పి, 1987లో కన్నుమూసేవరకు గ్రంథాలయ సేవలోనే ఉన్నారు. పెదపాలెం కూడ కాలువల నడుమ ఊరే. పడవ ప్రయాణాలు ఎట్లుంటవో ఆ తరం కార్యకర్తలకు ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. గ్రంథాలయ యాత్రల పేరుతో వారు చేసిన ప్రచారం కూడ కొంత నీటిమీదనే సాగినది.

పుస్తకానికి కాళ్ళు తగిలించిన ప్రయత్నాలు ఇతర దేశాలలోను ఉన్నవి. ఇంగ్లండులో వారింగ్టన్ పట్టణపు పనివారి విద్యాసంస్థ ఒకటి 1858లో గుర్రపు బండిమీద పుస్తకాలు పెట్టి వీథులలో తిప్పినది. అయితే ఈ కథలలో మాకు మిక్కిలి ఇష్టమైనది అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు మేరీ టిట్‌కోంబ్ గారిది. ఆమె హేగర్స్‌టౌన్ పట్టణ గ్రంథాలయాధికారిణి. మొదట ఆమె పుస్తకాల పెట్టెలను పల్లెలలోని అంగళ్ళలో ఉంచి చూచింది. అంగడికి వచ్చినవారికి అందినవి, రానివారికి అందలేదు. 1905లో రెండు గుర్రాల బండి ఒకటి చేయించి, గ్రంథాలయంలో ఊడ్చి తుడిచే జాషువా థామస్ అనే ఆయనచేత దానిని పొలాల మధ్య ఇండ్లవద్దకు తోలించింది. బండి నల్లగా కనిపించేసరికి రైతు ఒకడు దానిని శవాల బండి అనుకొని, మా ఇంట అట్టి అవసరం లేదు పొమ్మన్నాడట. వెంటనే చక్రాలకూ తలుపులకూ ఎర్ర రంగు పూయించినారు. పుస్తకం వాకిటికి వస్తే చాలదు, అది పుస్తకమని దూరంనుండి తెలియవలె! 1910లో రైలుపట్టాలు దాటుతుండగా గూడ్సుబండి తగిలి ఆ బండి ముక్కలైపోయినది. 1912లో ఆమె మోటారు బండి తెప్పించి తిరిగి ప్రారంభించింది. ఎక్కువమంది ఈ కథలో మోటారును మెచ్చుకొంటారు. మేము మెచ్చేది బండి తోలిన మనిషిని. ఏ ఇంటిలో ఎవరు ఏమి చదువుతారో అతనికి తెలియకపోతే గుర్రాలు ఉండి ప్రయోజనం లేదు.

మన దేశంలో బరోడా సంస్థానంలో సయాజీరావు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెన్ అనే నిపుణుని పిలిపించి, కేంద్ర గ్రంథాలయంనుండి గ్రామాలకు పుస్తకాల పెట్టెలు పంపే ఏర్పాటు చేయించినారు. దక్షిణాన తంజావూరు జిల్లా మన్నార్‌గుడిలో 1931 అక్టోబరులో ఎద్దులబండి గ్రంథాలయం బయలుదేరినది. విశ్రాంత ఇంజనీరు కనకసభై పిళ్ళైగారు బండి సమకూర్చినారు. డాక్టరు రంగనాథన్ గారి ప్రోత్సాహం దానికి ఉన్నది. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ఏర్పరచిన రంగనాథన్ గారి ప్రసిద్ధ గ్రంథం వెలువడినది కూడ ఆ సంవత్సరమే. ఎద్దులబండికి మన రైతు నవ్వడు. పత్తి, మిరప, భార్యాబిడ్డలు, పెండ్లివారు అన్నీ ఎక్కిన బండిలో పుస్తకం ఎక్కడం అతనికి వింత కాదు. మన్నార్‌గుడి ఎద్దులు కావేరి మాగాణిలో నడిచినవి. వాటి జోడు మన రేగడిలో నడవవలసి ఉండెను.

1935వ సంవత్సరంలోనే, మన పడవకు తెలియకుండ, అమెరికాలో కెంటకీ రాష్ట్రపు కొండలలో మరొక పని మొదలైనది. అది ఆర్థిక మాంద్యపు కాలం. పని లేని స్త్రీలకు ప్రభుత్వం జీతమిచ్చి గుర్రాలమీదను కంచరగాడిదలమీదను పుస్తకాలు మోయించి, దారిలేని కనుమలలోని గుడిసెలకు, ఒంటిగది బడులకు పంపినది. 1943లో యుద్ధకాలపు పనులు దొరకడంతో అది ఆగిపోయినది. జీతాల పద్దు మూతపడగానే గుర్రాలు ఆగినవి. మన పడవ కథ కూడ ఇంచుమించు అట్టిదే. కాలువలపై ప్రయాణీకులు రోడ్లకు తరలిపోగా పడవలే లేకుండ పోయినవి. పడవ పోయినప్పుడు పుస్తకాల పెట్టెను బస్సులోనికి ఎక్కించిన వారు లేరు. బస్సులో గంటల తీరిక లేకపోవడం ఒక కారణం కావచ్చును. ఊగులాటలో అక్షరాలు నిలువకపోవడం మరొక కారణం!

ఇప్పుడు కాలువ లేని వైపుకు వెళ్ళవలె. డెల్టా దాటి పడమటికి పోతే నేల రంగు మారుతుంది. సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, పల్నాడు. దక్షిణంగా పర్చూరు, అద్దంకి, దర్శి. ఒంగోలు కేంద్రంగా 1970 ఫిబ్రవరి 2న ఏర్పడి, 1972లో ప్రకాశంగారి పేరు పొందిన జిల్లాలోనికి వీటిలో దక్షిణపు భాగాలు చేరినవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడి ఈ ఊళ్ళలో చాలా వాటికి చిరునామా మరొకసారి మారినది. నేల మాత్రం మారలేదు. నల్లరేగడి. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు చక్రాన్ని ఇరుసువరకు పట్టుకొనే నేల. పత్తికీ మిరపకూ దానిని మించినది లేదు. బండికి దానిని మించిన శత్రువు లేదు. వానాకాలంలో ఊరినుండి ఊరికి పోవడమే కష్టమైన ఆ పల్లెలలో పుస్తకం కాలినడకన, నెత్తిమీద, చంకలో తప్ప చేరే దారి లేకుండెను.

అయినను ఆ పల్లెలకు కథలు చేరుతూనే ఉన్నవి. హరిదాసు వచ్చేవాడు, జంగంకథ వచ్చేది, తోలుబొమ్మలవారు తెరలు భుజాన వేసుకొని వచ్చేవారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథకు కొత్త ప్రాణం పోసి ఊరూరా తిరిగినారు. ఊరివారు కథకుని వద్దకు పోలేదు. కథకుడే ఊరికి వచ్చినాడు. పంట ఇంటికి వచ్చే వేళ చూచుకొని వచ్చినాడు, నడిబజారులో పందిరి క్రింద నిలుచున్నాడు, సభ్యత్వపు రుసుము అడగలేదు. పుస్తకాన్ని జనం వద్దకు చేర్చదలచినవారికి ఇంతకంటె పాఠం అక్కరలేదు. సత్తెనపల్లిలో పుట్టిన వావిలాల గోపాలకృష్ణయ్యగారు స్వాతంత్ర్యోద్యమంతోపాటు గ్రంథాలయోద్యమంలోను పనిచేసినవారు. చంకన గుడ్డ సంచితో కాలినడకన తిరిగే ఆ మనిషిని ఎరిగిన మెట్టప్రాంతంవారు, గ్రంథాలయం నడిచిపోవడం అంటే ఏమిటో ఊహించుకొనగలరు.

పెట్టె పోతే పోవచ్చును, పిల్లలకోసం అందులో ఏమి పెట్టేవారు? 1935 నాటికి తెలుగులో పిల్లల పుస్తకాలు బహు కొద్ది. బాలశిక్షలు, నీతికథలు, శతకాలు ఉన్నవి. పిల్లవాడు తనకై తాను తెరిచి చదివేవి వ్రేళ్ళమీద లెక్కించదగినవి. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ మాసపత్రికను 1945లో ప్రారంభించినారు. 1947 జూలైలో ‘చందమామ’ వచ్చినది. ఆ తరువాతనే పిల్లల పెట్టె నింపడానికి సరుకు దొరికినది. విజయవాడ విశాలాంధ్రవారి సంచార పుస్తకాలయం పట్టణాలకు వచ్చి నిలిచినప్పుడు, నున్నని కాగితంపై రంగుబొమ్మలతో సోవియట్ దేశంలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలు కొద్ది డబ్బులకు కొనుక్కొన్నవారు మా శ్రోతలలో చాలామంది ఉంటారు. అది అరువిచ్చే బండి కాదు, అమ్మే బండి. అయినను పుస్తకం బండెక్కి వస్తే పిల్లలు ఎంత దూరం పరుగెత్తి వస్తారో అది చూపినది.

ఈ సందర్భంలో మా వృత్తిని గురించి ఒక్కమాట చెప్పక తప్పదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభించినది. మా స్వరానికి రేగడి అడ్డం కాదు, వాన అడ్డం కాదు. పంచాయతీ రేడియో ముందు కూర్చొన్న పిల్లవానికీ పట్టణంలో మేడమీది పిల్లవానికీ ఒకే కథ ఒకే క్షణంలో చేరేది. దానికి మేము గర్వించినాము కూడ. అయితే రేడియోలో చెప్పిన కథను పిల్లవాడు వెనుకకు త్రిప్పలేడు. అర్థం కాని మాట దగ్గర వ్రేలు పెట్టి ఆగలేడు. బొమ్మ చూచి నవ్వి, చెల్లెలికి చూపి, తలక్రింద పెట్టుకొని నిద్రపోలేడు. విన్నవాడు చదువరి కావడానికి మధ్యలో పుస్తకం ఉండవలసినదే.

స్వాతంత్ర్యం తరువాత ఉద్యమం కోరినది శాసనంగా దక్కినది. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టం వచ్చినది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించినది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత 1960లో రాష్ట్రమంతటికీ ఒక చట్టం చేసినారు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేయడం, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని క్రింద శాఖా గ్రంథాలయాలు, చిన్న ఊళ్ళకు పుస్తక నిక్షిప్త కేంద్రాలు. నిక్షిప్త కేంద్రం అన్నది మంచి ఆలోచన. శాఖనుండి కొన్ని పుస్తకాలు పల్లెకు పోయి, కొంతకాలం ఉండి, తిరిగి వచ్చి, కొత్తవి పోవలె. కాగితంమీద ఇది బరోడా పెట్టె, మన పడవ పెట్టె కూడ.

అయితే ఉద్యమం సంస్థగా మారినప్పుడు ఒకటి జరిగినది. చందాలు పోగుచేసి, పుస్తకాలు నెత్తిన పెట్టుకొని తిరిగిన కార్యకర్త స్థానంలో జీతపు ఉద్యోగి వచ్చినాడు. అది తప్పు కాదు. జీతం లేని సేవ ఎంతకాలమని సాగుతుంది? కాని ఉద్యోగి పుస్తకానికి పూచీదారు. పుస్తకం పోతే అతడు కట్టుకోవలె. అట్టివాడు పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడంలో ఆశ్చర్యం లేదు. నలిగిన పుస్తకం అతనికి నష్టం. పెదవడ్లపూడి పడవవారికి నలిగిన పుస్తకం విజయం. ఈ తేడా చట్టంలో ఎక్కడా వ్రాసి ఉండదు. సెస్సు ఎంత ఉండవలె, భవనం ఎంత ఉండవలె అన్నవాటిమీద జరిగినంత చర్చ, పుస్తకం పోయినా ఫరవాలేదన్న పద్దు ఎంత ఉండవలె అన్నదానిమీద జరుగలేదని మా నమ్మకం.

ఇంతలో మెట్ట మారిపోయినది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదల అయినది. కుడికాలువ పల్నాటి మీదుగా ప్రకాశం జిల్లావరకు వచ్చినది. ఈ మెట్టకు కూడ కాలువ వచ్చినదే కాని, ఆ నీటిమీద ప్రయాణపు పడవలు రాలేదు. అప్పటికే బస్సుల కాలం. 1970ల తరువాత సంకర జాతుల పత్తి, లాం పరిశోధన స్థానంలో తయారైన మిరప రకాలు ఈ నేలలను ఆక్రమించినవి. గుంటూరు మిరపయార్డు పేరు దేశాలు దాటినది. ఎకరాలు పెరిగిన కొద్దీ ఏరే చేతులు చాలలేదు. పత్తి తీయడానికైనా మిరపకాయ కోయడానికైనా మనిషి వంగి, మొక్క మొక్కకూ చేయి చాపవలసినదే. ఊరి కూలీలు చాలక, కర్నూలు జిల్లా పడమటి మండలాలనుండి, ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపునుండి కుటుంబాలు వలస రావడం ఏటేటి ఆచారమైనది.

వారు వచ్చే వేళను గమనించండి. పత్తి తీత దసరా దీపావళి దాటిన తరువాత ముదురుతుంది. మిరప కోత సంక్రాంతి ప్రాంతంలో మొదలై మార్చి, ఏప్రిల్ వరకు సాగుతుంది. బడి సంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. అనగా బడిలో చదువు ముదిరి పరీక్షలు దగ్గరపడే నెలలే కోతనెలలు. సొంత ఊరి బడిలో పేరున్న పిల్లవాడు ఆ నెలలలో వందల మైళ్ళ దూరాన, చేను గట్టుమీద పట్టా కప్పిన గుడిసెలో ఉంటాడు. చంటిబిడ్డను ఆడించడం, ఎండపోసిన కాయలకు కాపలా, కాస్త ఎదిగితే తానుకూడ సాలు పట్టడం. మిరప ఘాటుకు కళ్ళు మండుతుండగా మధ్యాహ్నం నీడలో కూర్చొనే గంట ఒకటి అతనికి ఉంటుంది. లాకువద్ద పడవ ఆగినప్పటి గంటవంటిదే అది.

ప్రభుత్వం ఈ సమస్యను గుర్తించక పోలేదు. సర్వశిక్షా అభియాన్ క్రింద వలసపోయేవారి పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకొనేందుకు కర్నూలు జిల్లాలో కాలానుగుణ వసతిగృహాలు నడిపినారు. తల్లి దూరంగా పోతే పిల్లను అక్కడ ఉంచడం మంచిదే. అయితే అందరు తల్లులూ ఉంచలేరు. ఆడపిల్లను విడిచిపోవడానికి భయం ఒకరిది. చంటివానిని చూచే పెద్దపిల్ల లేకుంటే కూలి సాగదన్నది మరొకరిది. వారితో వచ్చిన పిల్లల సంగతి మేము మాట్లాడుతున్నది.

ఆఫ్రికాలో కెన్యా దేశపు గరిస్సా ప్రాంతంలో పశువులతో నీటికోసం తిరిగే జనం ఉన్నారు. ఆ దేశపు జాతీయ గ్రంథాలయ సంస్థ ఒంటెలమీద పుస్తకాల పెట్టెలూ ఒక గుడారమూ పెట్టి వారున్న చోటికి పంపినది. ఒంటె దిగగానే చెట్టుక్రింద గుడారం, చాప, పిల్లలు. మేరీలాండ్ బండి, మన్నార్‌గుడి ఎద్దులు కదిలినవి. అక్కడి పాఠకులు కదలలేదు. గరిస్సాలో ఇద్దరూ కదులుతారు. మన మిరప చేల వద్ద ఉన్న చిక్కు ఈ రెండవ జాతిది. ఊరూరా శాఖా గ్రంథాలయం కట్టినా అది తీరదు. ఆ పిల్ల ఆ ఊరి పిల్ల కాదు.

ఇక్కడ చట్టంలోని చిన్న మెలిక ఒకటి బయటపడుతుంది. సెస్సు ఇంటిపన్నుమీద వస్తుంది. పట్టాగుడిసెకు ఇంటిపన్ను లేదు. సభ్యత్వానికి ధరావతు కావలె, చిరునామా కావలె, పూచీ కావలె. నాలుగు నెలలకు వచ్చిన కూలికి ఈ ఊరిలో ఏదీ లేదు. సంస్థ పరిధి జిల్లాకు జిల్లా వేరు. పిల్ల ఇల్లు కర్నూలు సంస్థ లెక్కలో, పిల్ల గుంటూరు సంస్థ నేలమీద. రెండు సంస్థలవారూ తమ తమ లెక్కల ప్రకారం సరిగానే ఉండవచ్చును. పడవలో చదివి పడవలోనే ఉంచిపోయే పుస్తకానికి ధరావతు అక్కరలేదు, చిరునామా అక్కరలేదు. ఎక్కినవాడు ఏ ఊరివాడని ఎవరూ అడుగనక్కరలేదు. కోత నెలలలో గుడిసెలున్న చేలవద్దకు వారానికి రెండుసార్లు ఒక ఆటో పోయి, నీడపట్టున పెట్టె తెరిచి, గంట తరువాత మూసుకొని తిరిగి వచ్చినా ఇంతే. దానికి డ్రైవరు ఒకడు, చదివి వినిపించగల మనిషి ఒకరు కావలె. కోసిగి వైపు పిల్లలకు తెలుగుతోపాటు కన్నడం కూడ వస్తుంది కనుక పెట్టెలో ఆ పుస్తకాలు కొన్ని ఉండవలె. ఏటా కొన్ని పుస్తకాలు పిల్లలతోపాటు కోసిగికో కౌతాళానికో వెళ్ళిపోతవి. వాటిని నష్టాల పద్దులో వ్రాయకుండ ఉండే ఏర్పాటు కూడ ముందుగానే చేసుకోవలె.